నాడీకణముల ముదిమి: అల్పజీవుల సాక్ష్యము

"అరువది ఏండ్లు దాటినవి గదా, మరపు రాక మానునా?" అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడుచుండును. తాత మనుమని పేరునకు బదులు కొడుకు పేరు పిలిచినను ఈ మాటయే. అమ్మమ్మ కండ్లజోడు ఎక్కడ పెట్టినదో వెదకికొనుచున్నను ఈ మాటయే. పుట్టి పెరిగిన ఊరిలోనే దారి తప్పి, ప్రొద్దు గ్రుంకినను ఇల్లు చేరలేకపోయిన పెద్దవానిని గూర్చియు ఈ మాటయే. మొదటి రెండును సాధారణముగా వయసు తెచ్చు చిన్న మార్పులు. మూడవది అట్టిది కాదు. అది వ్యాధి లక్షణము కావచ్చును. ఈ రెంటిని ఒకే మాటతో కప్పివేయుటచేత, ఒకవైపు ఆరోగ్యముగా నున్న వృద్ధులు ఊరక భయపడుచున్నారు. మరొకవైపు వైద్యుని చూడవలసినవారు చూడకయే కాలము గడపుచున్నారు.

ఇది ఏ కొద్దిమందికో కలిగిన కష్టము కాదు. దేశములోని పలు రాష్ట్రములందు వృద్ధులను పరీక్షించి 2023లో ప్రకటించిన ఒక అధ్యయనము ప్రకారము, 60 ఏండ్లు నిండినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అనగా మతి తప్పు వ్యాధి, ఉన్నదని అంచనా. మొత్తముమీద వీరు సుమారు 88 లక్షలమంది. ఈ వ్యాధి పురుషులలోకంటె స్త్రీలలోను, పట్టణములలోకంటె పల్లెలలోను ఎక్కువగా కనబడినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో అధికసంఖ్యాకులు పల్లెవాసులే. కనుక ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు: నాడీకణమునకు ముదిమి వచ్చుట యనగా ఏమి? మరపులో వయసు పాలెంత, వ్యాధి పాలెంత?

ఈ ప్రశ్నను నేరుగా మనిషినే అడిగి తెలిసికొనుట కష్టము. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవని అంచనా. అవి పుర్రెలోపల దాగియున్నవి. బ్రతికియున్న మనిషి మెదడులోని ఒక కణమును గుర్తుపట్టి, దానిని యౌవనము మొదలు వార్ధక్యమువరకు దినదినము చూచుచుండుట సాధ్యము కాదు. సాధ్యమైనను, ఒక మనిషి ముసలివాడగుటకు డెబ్బది ఏండ్లు పట్టును. పరిశోధకుడు అంతకు ముందే ముసలివాడగును. అందుచేత శాస్త్రజ్ఞులు త్వరగా పుట్టి, త్వరగా పెరిగి, త్వరగా ముదిసిపోవు చిన్న జీవులను ఆశ్రయించిరి.

"పురుగు ఎక్కడ, మనిషి ఎక్కడ?" అని ఎవరైన అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూతుము. కాని ఆ మెతుకు ఆ కుండలోనిదే కావలెను. పురుగును మనిషియు ఒకే కుండలోని మెతుకులా? కొన్ని విషయములలో అవును. నాడీకణము సందేశమును పంపు పద్ధతి, కణములోపల సరుకులు మోయు ఏర్పాటు, చెడిపోయిన ప్రోటీనులను పారవేయు ఏర్పాటు, ఇవన్నియు కోట్లకొలది సంవత్సరముల నాటి ఉమ్మడి పూర్వజీవులనుండి మనకును పురుగునకును సంక్రమించినవి. మరికొన్ని విషయములలో కాదు. ఎక్కడ అవునో, ఎక్కడ కాదో ఎరిగి సాక్ష్యము స్వీకరించుటయే ఈ శాస్త్రములోని మెలకువ.

ముందుగా నాడీకణము ఎట్లు బ్రతుకుచున్నదో చూతము. దానికి ముఖ్యముగా మూడు అవసరములు కలవు. మొదటిది రవాణా. వెన్ను అడుగుభాగమునుండి కాలి బొటనవ్రేలివరకు పోవు నాడీకణమును తీసికొనుడు. దాని నడిమి భాగము మిల్లీమీటరులో పదవవంతైనను ఉండదు; దాని తంతువు మాత్రము సుమారు ఒక మీటరు పొడవు సాగును. ఆ తంతువు కొసకు కావలసిన సరుకులలో పెక్కు నడిమి భాగముననే తయారై, సన్నని పట్టాలవంటి నిర్మాణములమీదుగా ప్రయాణము చేయవలెను. జనగామలో ఎక్కించిన సరుకు కాజీపేట మీదుగా మహబూబాబాదు చేరవలెనన్న దారి పొడవునను పట్టాలు సరిగా ఉండవలెను గదా. నడుమ ఒకచోట పట్టా చెడినను కొసనున్నవానికి సరుకు అందదు. నాడీకణము గతియు అంతే.

రెండవది శక్తి. మన శరీరపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్ళు మాత్రమే. కాని శరీరము ఖర్చుచేయు శక్తిలో సుమారు ఐదవవంతు అదియే తీసికొనుచున్నది. ఈ శక్తిని మైటోకాండ్రియా యను సూక్ష్మభాగములు కణములోపలనే ఉత్పత్తి చేయును. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో బొగ్గు మండించి విద్యుత్తును తీయునప్పుడు బూడిదయు పొగయు తప్పవు. అట్లే కణములో శక్తి పుట్టునప్పుడు కణమునకు చెరుపు చేయు కొన్ని ఆమ్లజని పదార్థములును పుట్టును. కణము వానిని ఎప్పటికప్పుడు అణచుకొనవలసియున్నది.

మూడవది మరమ్మతు. మన రక్తములోని ఎర్రకణములు సుమారు 120 దినములకు నశించి, వాని స్థానమున క్రొత్తవి వచ్చును. చర్మమును అట్లే. నాడీకణములలో అధికభాగమునకు ఈ సౌకర్యము లేదు. పుట్టినప్పుడు ఉన్నవే కడవరకు పనిచేయవలెను. భూపాలపల్లి జిల్లా ఘనపురములో కాకతీయులనాటి గణపసముద్రము కలదు. ఏడువందల ఏండ్లకు పైబడినను ఆ చెరువు పనికివచ్చుచున్నదనగా, తరతరములవారు కట్టను, తూమును, అలుగును చూచుకొనుచు వచ్చిరని అర్థము. చెరువునకు ముదిమి వచ్చుట యనగా ఏండ్లు గడచుట కాదు. తీసిన పూడికకంటె చేరిన పూడిక ఎక్కువగుట. నాడీకణపు ముదిమియు ఇట్టిదే యని చిన్న జీవులు మనకు చెప్పుచున్నవి. ఏ జీవి ఏమి చెప్పినదో వరుసగా విందము.

మన మిరప, పసుపు రైతులకు నులిపురుగులు తెలియనివి కావు. వేళ్ళకు బుడిపెలు కట్టించి మొక్కను కుంగదీయు కంటికానని శత్రువులవి. ఆ తెగకే చెందినదియు, పైరులకు ఏ హానియు చేయనిదియు నగు మరొక పురుగు కలదు. దాని పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. క్రుళ్ళిన పండ్లలోను ఆకులలోను సూక్ష్మజీవులను తిని బ్రతుకును. పొడవు ఒక మిల్లీమీటరు. శరీరము గాజువలె పారదర్శకము. గ్రుడ్డునుండి మూడు దినములలో పెద్దదగును. రెండు మూడు వారములలో ముదిసి చనిపోవును. మనకు డెబ్బది ఏండ్లలో జరుగు కథ దానికి ఒక పక్షములో ముగియును.

ఈ పురుగును నాడీశాస్త్రమునకు పనికివచ్చునట్లు ఎంచుకొన్నవారు సిడ్నీ బ్రెన్నరు. 1963లో కేంబ్రిడ్జిలో ఆయన ఈ ఆలోచన చేసి, 1974లో దాని జన్యుశాస్త్రమును ప్రకటించిరి. తరువాత తేలిన విశేషమేమనగా, ఉభయలింగియైన ఈ పురుగులో నాడీకణములు సరిగా 302. అంతకు ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. ప్రతి కణమునకు ఒక పేరు కలదు. ఏ పురుగును చూచినను అదే స్థానమున అదే కణము ఉండును. ఏ కణము దేనితో కలిసియున్నదో తెలుపు పటము 1986లో వెలువడినది. 2002లో బ్రెన్నరునకు, జాన్ సల్స్టనునకు, రాబర్ట్ హార్విట్జునకు నోబెల్ బహుమానము లభించినది. మన 8,600 కోట్లను విడిచి ఈ 302ను చూచుట యనగా, మహానగరపు జనాభా లెక్కను విడిచి ఒక తండాలోని గడపలను పేరుపేరున పలుకరించుటవంటిది.

1994లో మార్టిన్ చాల్ఫీ మరొక మెట్టు ఎక్కెను. సముద్రపు జెల్లీచేపలో పచ్చని కాంతినిచ్చు ప్రోటీను ఒకటి కలదు. దాని జన్యువును ఆయన ఈ పురుగులో స్పర్శను గ్రహించు నాడీకణములలో పనిచేయునట్లు చేసెను. ఆ కణములు బ్రతికియున్న పురుగులోనే పచ్చగా వెలిగినవి. ఇక పురుగును కోయవలసిన పని లేదు. ఈ దినము చూచిన కణమునే రేపును, ఎల్లుండియు, అది ముదిసిపోవువరకును సూక్ష్మదర్శినిలో చూడవచ్చును.

అట్లు చూచినవారికి ఆశ్చర్యము కలిగినది. 2002లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ముసలి పురుగుల కండరములు చీకిపోవుచుండగా నాడీకణములు మాత్రము చాలవరకు నిలిచియుండుట కనబడినది. మరొక సంగతి: ఒకే వంశము, ఒకే తిండి, ఒకే వేడిమి, ఒకే వయసు గల పురుగులలో కొన్ని చురుకుగా ప్రాకుచుండగా కొన్ని కదలలేక పడియుండెను. ఏ పురుగు ఇంకెన్ని దినములు బ్రతుకునో చెప్పుటకు దాని వయసుకంటె దాని నడకయే మేలైన గుర్తు అయినది. ఏండ్లు వేరు, ముదిమి వేరు అనుటకు ఇది మొదటి సాక్ష్యము.

ఐనచో నాడీకణములు ముదిమిని ఎరుగవా? ఎరుగును, కాని వేరొక విధముగా. 2011, 2012 సంవత్సరములలో కొందరు శాస్త్రజ్ఞులు స్పర్శ నాడులను ఇంకను నిశితముగా పరిశీలించి, అవి చావకున్నను రూపు మారుచున్నవని తెలిపిరి. నునుపుగా నుండవలసిన తంతువునకు అక్కరలేని కొమ్మలు పుట్టుచున్నవి. కణపు నడిమి భాగమునుండి వికారపు మొలకలు వచ్చుచున్నవి. అనగా, ముదిమిలో జరుగునది కణముల మరణము కాదు. అవి బ్రతికియుండియే క్రమము తప్పుట.

మనిషి మెదడులోను ఇట్లే యున్నదా? చనిపోయినవారి మెదళ్ళలోని కణములను జాగ్రత్తగా లెక్కించి 1997లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు ఫలితములు ప్రకటించిరి. ఇరువది ఏండ్లనుండి తొంబది ఏండ్లవరకు మెదడు పైపొరలో తరుగు నాడీకణములు నూటికి సుమారు పది మాత్రమే. "వయసుతోపాటు మెదడు కణములు దినమునకు వేలకొలది రాలిపోవును" అని భయపెట్టు మాటలకంటె ఇది ఎంత వేరుగా నున్నది! దీనిప్రక్కన 1996లో వెలువడిన మరొక లెక్కను పెట్టుడు. జ్ఞాపకమునకు ద్వారమువంటి ఒక మెదడు భాగమున, ముఖ్యమైన ఒక పొరలో, ఆరోగ్యవంతులైన వృద్ధులకు చెప్పుకోదగిన నష్టము కనబడలేదు. ఆల్జీమర్ వ్యాధి అప్పుడప్పుడే ప్రారంభమైనవారిలో సైతము ఆ పొరయందలి కణములలో సగమునకు మించి నశించియున్నవి. కణములు సన్నగిల్లి క్రమము తప్పుట వయసు పని. గుంపులుగా చచ్చుట వ్యాధి పని. తాత పేర్లు తారుమారు చేయుటకును, పెద్దవాడు తన వీధినే గుర్తింపలేకపోవుటకును మధ్యనున్న తేడాకు మూలము ఇక్కడ కలదు.

పురుగు చెప్పిన రెండవ సంగతి, ముదిమి వేగమును మార్చవచ్చునని. 1993లో సింథియా కెన్యన్, ఆమె సహచరులు డాఫ్-2 అను ఒక్క జన్యువులో మార్పు గల పురుగులు సాధారణపు పురుగులకు రెట్టింపు కాలము బ్రతుకుచున్నవని ప్రకటించిరి. ఆ జన్యువు మన శరీరములో ఇన్సులిన్ సందేశమును అందుకొను ఏర్పాటునకు దగ్గరి చుట్టమని 1997లో తెలిసినది. ఆ దీర్ఘాయువు గల పురుగులలో నాడీతంతువులకు వికారపు కొమ్మలు పుట్టుటయు ఆలస్యమైనది. 2014లో మరొక విశేషము తేలినది. తెగిన నాడీతంతువు మరల అతుకుకొని పెరుగు శక్తి ముసలి పురుగులలో తగ్గిపోవును. ఈ తగ్గుదలయందును ఆ ఇన్సులిన్ మార్గమునకు పాత్ర కలదు. ఐనను అది పురుగు ఆయుర్దాయముతో ముడిపడియుండలేదు. ఆయువును పెంచకయే నాడీకణపు మరమ్మతును బాగుచేయవచ్చునన్నమాట. మనకు కావలసినదియు అదియే గదా. నూరేండ్లు బ్రతుకుటకంటె, బ్రతికినన్నాళ్ళు మనుమలను గుర్తుపట్టుచు బ్రతుకుట మేలు.

హర్యానాలోని మానేసరులో జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రము కలదు. అక్కడివారు 2021లో ఈ పురుగులచేత ఈత కొట్టించి చూచిరి. నాడీతంతువు తెగిన తరువాత ఈదిన పురుగులలో ఆ తంతువు మేలుగా పెరిగి, పోయిన స్పర్శజ్ఞానము కొంత తిరిగివచ్చినది. వ్యాయామము శక్తిని ఖర్చుచేయుటయే కాక, కణములోపలి మరమ్మతు పనివారిని నిద్ర లేపుచున్నట్లు తోచును.

ఇప్పుడు ఈగ దగ్గరకు వత్తము. మిగులపండిన అరటిపండ్లపై ముసరు నుసుములను అందరును చూచియుందురు. ఆ తెగలోని డ్రోసోఫిలా యను పండ్ల ఈగ నూరేండ్లకు పైగా శాస్త్రజ్ఞులకు సేవ చేయుచున్నది. మనదేశమున ఒబైద్ సిద్దిఖీ బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1970ల నుండి ఈ ఈగ నాడీవ్యవస్థపై పరిశోధనలు నడిపి, ఎందరో శిష్యులను తయారుచేసిరి. ఈగ రెండు మూడు నెలలు బ్రతుకును. దాని మెదడులో సుమారు 1,40,000 నాడీకణములు కలవు; వాని సంబంధముల పూర్తి పటము 2024లో వెలువడినది. పురుగు ఒక తండా యైనచో ఈగ ఒక పట్టణము. అది నేర్చుకొనును, జ్ఞాపకముంచుకొనును, ముసలిదైన కొలది మరచిపోవును.

ఈగ ముదిమిని కొలుచుటకు ఒక సులభమైన పద్ధతి కలదు. సీసాలో కొన్ని ఈగలను పెట్టి సీసా అడుగును మెల్లగా తట్టినచో అవి క్రిందపడి వెంటనే గోడవెంట పైకి ప్రాకును. పడుచు ఈగలు త్వరగా ఎక్కును. ముసలివి ఎక్కలేవు. 2000లో మెల్ ఫీనీ, వెల్కమ్ బెండర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కంపవాతముతో, అనగా పార్కిన్సన్ వ్యాధితో, సంబంధము గల మనిషి జన్యువు నొకదానిని ఈగలలో ప్రవేశపెట్టిరి. ఆ ఈగలు పుట్టినప్పుడు బాగుగనే యున్నవి. వయసు వచ్చిన కొలది మాత్రము తక్కినవానికంటె ముందుగా ఎక్కు శక్తిని కోల్పోయినవి. డోపమైన్ తయారుచేయు నాడీకణములు నశించుటయు, మనిషి వ్యాధిలో వలె కణములలో ప్రోటీను ముద్దలు కట్టుటయు కనబడినది. దోషము పుట్టుకతోనే యున్నను వ్యాధి ముదిమి వచ్చువరకు వేచియున్నది. ముదిమియే వ్యాధి కాదు. ముదిమి వ్యాధికి తలుపు తీయుచున్నది.

మరమ్మతు సంగతి మరచిపోరాదు. ఇందులో మన హైదరాబాదునకు గౌరవస్థానము కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్య కల్లూరి సుబ్బారావు, వారి శిష్యులు ఎలుకల నాడీకణములలో డి.ఎన్.ఏ. మరమ్మతు వయసుతో ఎట్లు మారుచున్నదో ఏండ్ల తరబడి పరిశోధించిరి. ఎలుక అల్పజీవి కాదు. పురుగునకును మనిషికిని నడుమనున్న వంతెనవంటిది. ముసలి ఎలుకల నాడీకణములనుండి తీసిన సారము, డి.ఎన్.ఏ. పోగులో పడిన చిన్న ఖాళీని సరిగా పూరింపలేకపోయినది. వారు ఆ సారమునకు డి.ఎన్.ఏ. పాలిమరేజ్ బీటా యను పూరించు ప్రోటీనును, లైగేజ్ అను అతుకు ప్రోటీనును చేర్చి చూచిరి. పోయిన శక్తి తిరిగివచ్చినది. ఈ ఫలితము 2005లో ప్రకటింపబడినది. చెరువు గండిని పూడ్చు పని తెలియక కాదు, చాలినంత మట్టియు మనుష్యులును లేక పని నిలిచినట్లు తేలినది. ఐనను ఇది పరీక్షనాళికలోని సంగతి యనియు, బ్రతికియున్న మెదడులో అట్లు చేర్చుట వేరు విషయమనియు గుర్తుంచుకొనవలెను.

ఇంతవరకు చిన్న జీవుల సాక్ష్యము విన్నాము. ఆ సాక్ష్యమునకు హద్దు ఎక్కడనో చెప్పకున్నచో సగము సత్యమే చెప్పినట్లగును. రెండు ఉదాహరణములు చాలును.

2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమువారు, ముసలి పురుగులలో కండరములకంటె ముందుగా వానిని నడిపించు నాడులు పట్టు తప్పుచున్నవని కనుగొనిరి. ఆ నాడుల సందేశమును హెచ్చించు ఒక పదార్థము నిచ్చినప్పుడు ముసలి పురుగుల కదలిక మెరుగైనది. ఆ పదార్థము అరికోలిన్. మన తాంబూలములోని వక్కలో నుండునది అదియే. అట్లని వక్క నమలినచో మెదడు పదునెక్కునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. వక్క నోటి పుండ్లకు, క్యాన్సరునకు కారణమగునని నిశ్చయముగా తెలిసినది. పురుగునకు మేలైన పదార్థము మనిషికి కీడు కావచ్చును.

రెండవది, స్పెర్మిడిన్ అను పదార్థము. వయసుతో ఈగల మెదడులో ఇది తగ్గుచున్నదనియు, తిండిలో కలిపి ఇచ్చినచో ముసలి ఈగల జ్ఞాపకము నిలుచుచున్నదనియు 2013లో ప్రకటించిరి. ఆశ కలిగినది. బెర్లినులో జ్ఞాపకము తగ్గుచున్నదని తలచుచున్న నూరుమంది వృద్ధులకు పండ్రెండు నెలలపాటు పరీక్ష జరిపిరి. కొందరికి స్పెర్మిడిన్ గల గుళికలు, కొందరికి ఉత్త గుళికలు ఇచ్చిరి. 2022లో ఫలితము వెలువడినది: రెండు గుంపుల జ్ఞాపకములోను తేడా కనబడలేదు. ఈగ అబద్ధము చెప్పలేదు. ఈగ తన సంగతి చెప్పినది. మన సంగతి మనలోనే తేలవలెను. సంతలలోను, వార్తాపత్రికలలోను, చేతిలోని ఫోనులలోను "జ్ఞాపకశక్తి లేహ్యము" అమ్మువారిని నమ్ముటకు ముందు, మనుష్యులపై పరీక్ష జరిగినదా, ఉత్త గుళికతో పోల్చి చూచిరా యని అడుగుట మన హక్కు.

మనుష్యులలో తేలిన సంగతి ఒకటి మన హైదరాబాదులోనే కలదు. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి, వారి సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. రెండు భాషలు మాటలాడువారికి, ఒకే భాష మాటలాడువారికంటె వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా కనబడినది. చదువు రానివారిలోను ఈ తేడా యున్నది. దీనిని భాషయే చేసినదని ముద్ర వేసి చెప్పరాదు. ఆసుపత్రికి వచ్చినవారి లెక్క యిది. ఐనను మన ప్రాంతమునకు ఇది ఆలోచింపదగిన మాట. మహబూబాబాదు తండాలలో లంబాడీ అవ్వ ఇంట గోర్ బోలి, అంగడిలో తెలుగు మాటలాడును. జనగామ పట్టణమున ఉర్దూ, తెలుగు ఒకే నోట పలుకువారు ఎందరో కలరు. భూపాలపల్లి అడవి పల్లెలలో కోయ మాటయు తెలుగును ప్రక్కప్రక్కన బ్రతుకుచున్నవి. బడికి పోయిన పిల్లలు "మన మాట ఎందుకు" అని విడిచివేయుచున్న భాష, అవ్వ మెదడునకు ఊతకర్ర కావచ్చును.

ఈ మూడు జిల్లాలును 2016 అక్టోబరులో ఏర్పడినవి. 2022లో మహబూబాబాదున, 2023లో జనగామయందును భూపాలపల్లియందును ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. ఇట్టి క్రొత్త కళాశాలలో కోట్ల ఖరీదు యంత్రములు లేకపోయినను నాడీకణముల ముదిమిని గూర్చి పని మొదలుపెట్టవచ్చును. కొన్ని సీసాలు, కొంత పిండి, బెల్లము, ఒక మంచి సూక్ష్మదర్శిని, ఓర్పు గల విద్యార్థులు ఉన్న చాలును. ఈగలు ఎంత ఎత్తు ఎక్కినవో వారము వారము వ్రాసికొనుటతో అది ఆరంభమగును. ప్రశ్నలకును కొరత లేదు. రోటినోన్ అను పురుగుమందు ఈగలలో డోపమైన్ కణములను నశింపజేయునని 2004లో తేలినది. మన ప్రత్తి, మిరప చేలలో చల్లు మందులు, కొద్దికొద్దిగా చాలకాలము తగిలినచో, నాడీకణముల ముదిమిని త్వరపరచునా? ముందు ఈగను అడిగి, తరువాత చేలలో పనిచేయు మనుష్యుల ఆరోగ్యమును ఏండ్ల తరబడి గమనించి సమాధానము చెప్పవలసినవారు ఈ ప్రాంతపు బిడ్డలే.

శాస్త్రము పూర్తియగువరకు ఇండ్లలో చేయవలసినది ఏమి? మరపుతోపాటు దారి తప్పుట, తెలిసిన పని చేయలేకపోవుట, డబ్బు లెక్క తప్పుట, స్వభావము మారుట కనబడినచో, "ముసలితనము" అని విడువక వైద్యునికి చూపవలెను. బి12 విటమిను లోపము, థైరాయిడ్ లోపము, మనోవ్యథ, కొన్ని మందుల ప్రభావము కూడ మరపు తెచ్చును. వానిని చాలవరకు సరిచేయవచ్చును. రక్తపుపోటును, చక్కెరను అదుపులో నుంచవలెను. చెవుడు వచ్చినవారికి వినికిడి యంత్రము పెట్టించవలెను. పొగాకు మాన్పించవలెను. నడువగలవారిని నడువనీయవలెను. ఒంటరిగా మూల కూర్చుండబెట్టక మాటలాడించవలెను. ఇట్టి పదునాలుగు కారణములను సవరించినచో లోకమున డిమెన్షియాలో నూటికి 45 వంతులవరకు తప్పించుటకో, ఆలస్యము చేయుటకో వీలుండునని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము అంచనా వేసినది.

నులిపురుగు, పండ్ల ఈగ, ఎలుక, ఈ మూడింటి సాక్ష్యము ఒకచోట కలియుచున్నది: నాడీకణపు ముదిమి తలవ్రాత కాదు, కారణములు గల ఒక క్రమము. పూడిక చేరుచున్నదా, తీయుచున్నామా యను లెక్క. చెరువును చూచుకొనుట మన పెద్దలు మనకు నేర్పిరి. ఆ పెద్దలను చూచుకొనుట ఇప్పుడు మనవంతు.